లిఫ్టు ఆగని అంతస్తు

ఆ ఆఫీసు భవనంలో అందరూ ఆమెను లిఫ్టమ్మ అనేవారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది గానీ, దానితో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. ముప్పయ్యొక్క ఏళ్ళపాటు ఆమె ఒక ఇనుప గదిలో చెక్క స్టూలు మీద కూర్చుని, జాలీ తలుపు లాగి, బటన్ నొక్కి, మనుషుల్ని పైకి చేర్చింది, కిందికి దించింది. గుమాస్తాలుగా చేరినవాళ్ళు ఆమె కళ్ళ ముందే అధికారులై ఆరో అంతస్తులో గదులు సంపాదించుకున్నారు. ఆమె మాత్రం రోజుకు నూట యాభై సార్లు ఆరో అంతస్తుకు వెళ్ళినా, సాయంత్రానికి మళ్ళీ నేల మీదే ఉండేది.

ఆమె మాటకారి కాదు. గోడలకు చెవులుంటాయంటారు. ఆ లిఫ్టు గోడలకున్న చెవులు ఆమెవే. ఎవరి అత్తగారికి కళ్ళ ఆపరేషనో, పక్కపక్క బల్లల దగ్గర కూర్చునే ఏ ఇద్దరు మాటలు మానేశారో, అన్నీ వినేది. కాకపోతే అన్నీ సగమే. కథ రసపట్టులో పడేసరికి నాలుగో అంతస్తు వచ్చేది, తలుపు తెరుచుకునేది, మిగతా సగం నడవాలోకి వెళ్ళిపోయేది. అలా తలా తోకా లేని కథలు ఆమె దగ్గర బస్తాలకొద్దీ పేరుకుపోయాయి. వాటిని చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు.

ఒకప్పుడు ఉండేవారు. బావ పోయాక అక్క చంటిపిల్లను చంకనేసుకుని వచ్చి, ఆమె ఉంటున్న ఆ రెండు గదుల్లోనే ఇరవై ఏళ్ళు ఉంది. అక్క కూతురికి మాటలూ చదువూ జడ వేసుకోవడమూ అన్నీ ఆ ఇంట్లోనే వచ్చాయి. తర్వాత దానికి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. తల్లిని వెంటబెట్టుకుని వెళ్ళింది. వెళ్ళేటప్పుడు సామాన్లలో పట్టని ఒక బిస్కెట్ల డబ్బాను పిన్ని దగ్గరే వదిలేసింది. అందులో దాని చిన్నప్పటి బొమ్మ ఇటుకలు ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి నొక్కితే బుడిపెలు పట్టుకుని నిలబడతాయే, అవి. పెద్ద ముక్కలన్నీ ఎప్పుడో ఎవరెవరి పిల్లలకో పంచేశారు. అడుగున మిగిలినవి ఎవరికీ అక్కర్లేని చిన్నవి: ఒంటి బుడిపెవి, రెండు బుడిపెలవి, గోరంత పలకలు, కందిగింజంత గాజు రంగు చుక్కలు.

ఒక ఆదివారం ఆ డబ్బా కడిగి ఏదైనా పోసుకుందామని ముక్కల్ని బల్ల మీద కుమ్మరించింది. ఒక తెల్ల ముక్క మీద ఎర్ర పలక ఒరిగి పడింది. ఆమె చెయ్యి ఆగిపోయింది. అది ఇల్లు. ఎవరూ కట్టకుండానే ఇల్లయి కూర్చుంది. పక్కన ఒక ఆకుపచ్చ ముక్క పెడితే చెట్టయింది. బొమ్మ వంటింట్లోంచి ఊడిన కుళాయి ఒకటుంటే, దాన్ని నిలబెట్టగానే వీధి దీపమయింది. ఆ రోజు ఆమె అన్నం మధ్యాహ్నం మూడింటికి తింది.

తర్వాత అది అలవాటైంది. పాత బొమ్మలమ్మే దుకాణం ముసలమ్మ, కొట్టు ఊడ్చినప్పుడు చీపురుకు తగిలిన చిన్న ముక్కల్ని ఒక సీసాలో వేసి ఉంచేది. "ఇవి కొనేదానివి నువ్వొక్కదానివే తల్లీ, చీపురుకీ నీకూ పోటీ" అనేది. ముక్కల్ని పట్టుకోవడానికి అక్క కూతురు కనుబొమ్మలకు వాడి పారేసిన చిమటా, విడదీయడానికి కుడి బొటనవేలికి కాస్త పెంచిన గోరు. ఇవే పనిముట్లు. బస్టాపు, నీళ్ళ ట్యాంకు, ఆసుపత్రి, సినిమా హాలు, ఏది కట్టినా అరచేతిలో ఇమిడేది.

ఒకసారి బజారులో పెద్ద దుకాణం అద్దాల వెనక ఒక పెద్ద బొమ్మ ఇల్లు చూసింది. తలుపులు తెరుచుకుంటున్నాయి. లోపల కుర్చీలూ మంచాలూ ఉన్నాయి. ప్రతి గదిలోనూ పచ్చటి మొహానికి నవ్వు గీసిన చిన్న మనుషులు ఉన్నారు. అందరూ మెచ్చుకుంటుంటే ఆమెకు మాత్రం ఎందుకో నీరసం వచ్చింది. అంత ఇల్లు కట్టాక మనుషుల్ని పెట్టక తప్పదు. పెట్టకపోతే ఖాళీ కుర్చీలు కనబడతాయి. ఆమె కట్టే కొలతలో ఆ బాధ లేదు. ఒక బుడిపె ఒక గది అయినప్పుడు మనిషి ఆవగింజలో సగం కూడా ఉండడు. ఉన్నాడో లేడో ఎవరికి తెలుసు? ఆ ఇళ్ళలో ఎవరూ లేరని అనడానికి ఎవరికీ వీల్లేదు.

ఆదివారాలు అక్క ఫోన్ చేసేది. "ఇంకా ఆ చీమల ఇళ్ళేనా? నీ ఈడువాళ్ళు మనవల్ని ఆడిస్తున్నారే" అని దెప్పేది. చీమలకూ ఇళ్ళు కావాలి కదా అని ఈమె నవ్వేసేది. తర్వాత ఒంట్లో ఎలా ఉంది, తిన్నావా, ఉంటాను మరి. ఏడాదికేడాదికీ ఆ ఫోన్లు పొట్టివవుతూ వచ్చాయి.

అక్క కూతురు రెండేళ్ళ కిందట ఒక పూట ఉండేలా వచ్చింది. అప్పటికి పిన్ని తమ గదులున్న మేడ ఇంటినే కట్టి కిటికీ గట్టు మీద పెట్టింది. సున్నం చూడని సిమెంటు గోడలు కనుక అన్నీ బూడిద రంగు పలకలే. మూడో అంతస్తులో ఓ చివర ఒక గాజు చుక్క. ఆ పిల్ల దాన్ని చూపుడువేలితో ముట్టుకుని, "ఇది మన కిటికీ కదూ" అంది. చెప్పకుండానే పోల్చుకుంది. ఆ తర్వాత, "ఇది నాది పిన్నీ. ఈసారి పెట్టె తెచ్చుకుని పట్టుకెళ్తా. ఎవరికీ ఇవ్వకు" అంది. ఆ ఈసారి ఇంకా రాలేదు. ఆమె మాత్రం ప్రతి ఆదివారమూ పౌడరు కుచ్చుతో ఆ ఇంటి దుమ్ము దులుపుతూనే ఉంది.

ఆ ఏడు ఆఫీసులో పాత లిఫ్టు తీసేసి కొత్తది పెడుతున్నారని తెలిసింది. కొత్తదానికి మనిషి అక్కర్లేదు. ఆమె పదవీ విరమణ కూడా ఆ నెలలోనే పడింది. ఒకే దెబ్బకు రెండు పిట్టలన్నాడు మేనేజరు, అన్నాక నాలుక కరుచుకున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఆ తొట్రుపాటు కప్పిపుచ్చుకోవడానికో ఏమో, స్టూలు మీదున్న అగ్గిపెట్టెంత ఆసుపత్రిని చూసి, "మన బిల్డింగు చేయండి లిఫ్టమ్మా. కింద అద్దాల బీరువాలో పెట్టేద్దాం, మీ గుర్తుగా" అన్నాడు.

ఆయన ఆ మాట రెండో అంతస్తు దాటేలోపు మరిచిపోయి ఉంటాడు. ఆమె మరవలేదు. ముప్పయ్యొక్క ఏళ్ళలో ఆ భవనంలో తనదంటూ ఒక మేకు కూడా లేదు. బల్ల లేదు, సొరుగు లేదు, గోడ మీద క్యాలెండరు లేదు. స్టూలు కూడా లిఫ్టుతోపాటే పోతుంది. వెళ్ళిపోయాక ఇక్కడ ఒక మనిషి ఉండేదనడానికి ఒక్క గుర్తు మిగలాలి. అంతకంటే ఆమె ఏమీ కోరలేదు.

మూడు వారాలు పట్టింది. భవనం బూడిద రంగే. అంతస్తుకు రెండు వరసల పలకలు, ప్రతి రెండో వరసలో గాజు చుక్కలు. ముందు మెట్లకు మూడు తెల్ల పలకలు. మధ్యలో అడుగు నుంచి పైదాకా ఒక బుడిపెంత ఖాళీ ఉంచింది. అది లిఫ్టు దారి. అందులోకి ఒక పసుపు ముక్క జారవిడిచింది. కప్పు వేశాక అది ఎవరికీ కనిపించదు. బొమ్మను కదిపితే మాత్రం లోపల సన్నగా టిక్కుమంటుంది. డబ్బాలోని బూడిద ముక్కలన్నీ దానికే అయిపోయాయి.

శుక్రవారం ఆఖరి రోజు. బుధవారమే ఆమె బొమ్మను ఖాళీ టిఫిన్ డబ్బాలో పెట్టి తెచ్చింది, అసలు గోడ రంగుతో పోల్చుకుందామని. కింద హాల్లో డబ్బా మూత తీసి చూస్తుంటే రికార్డుల గుమాస్తా వచ్చాడు.

ఈయన్ని ఆమె రోజూ చూసేది, ఎప్పుడూ ఎక్కించుకోలేదు. చంకలో గొడుగు, చేతిలో సంచి, లిఫ్టు పక్కనుంచి నేరుగా మెట్లవైపు వెళ్ళిపోయే మనిషి. తల పంకిస్తే తల పంకించేవాడు. ఒళ్ళు బాగుండాలని మెట్లెక్కుతాడు కాబోలు అనుకునేది.

ఆయన కళ్ళజోడు పైకెత్తి బొమ్మను చాలాసేపు చూశాడు. కొనవేలితో కిందినుంచి ఒక్కో అంతస్తూ లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు.

"చాలా బాగుందండీ. మా అంతస్తు ఏదీ?" అన్నాడు.

"మీదెన్నో అంతస్తు?"

"రెండుకీ మూడుకీ మధ్య. లిఫ్టు ఆగదుగా మాకు" అని, తనవల్లే ఏదో తప్పు జరిగినట్టు నవ్వి, మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

ఆమె డబ్బాకు మూత పెట్టి స్టూలు మీద కూర్చుంది. రెండుకూ మూడుకూ మధ్య గోడ పొడుగని ఆమెకు తెలియనిదేమీ కాదు. మిగతా అంతస్తుల మధ్య అయిదు అంకెలు లెక్కపెట్టే వ్యవధి ఉంటే, అక్కడ తొమ్మిది. జనం కథలు అక్కడే కాస్త ఎక్కువ వినబడేవి. కానీ అక్కడ తలుపు లేదు, బటన్ లేదు. ఆమె భవనాన్ని గోడల్ని బట్టి కట్టలేదు, బటన్లను బట్టి కట్టింది. లిఫ్టులో కూర్చున్న మనిషి తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు అది. వీధిలో పోయే ఎవరైనా ఒకసారి తలెత్తి కిటికీలు లెక్కపెడితే తెలిసిపోయేది. తనను ఎవరూ చూడరని ఇన్నేళ్ళు లోలోపల కుమిలిన మనిషి, రోజుకు మూడొందల సార్లు ఒక మనిషి గోడ పక్కనుంచి పోతూ, అతని అంతస్తునే మింగేసింది.

మర్నాడు మధ్యాహ్నం లిఫ్టు అరగంట ఆపే వేళలో ఆమె మెట్లెక్కింది. మోకాళ్ళకు అలవాటు లేదు. రెండో అంతస్తు దాటాక సగం మెట్ల దగ్గర ఒక పొట్టి తలుపు ఉంది. తల వంచి లోపలికి వెళ్ళాలి. ఆమెకు వంచనక్కర్లేకపోయింది. "మీకు సరిగ్గా సరిపోయింది" అని గుమాస్తా నవ్వాడు.

లోపల కప్పు చేతికందేంత ఎత్తులో ఉంది. గుడ్డలో కట్టిన కాగితాల కట్టలు, ఒక్కోదానికి దారంతో వేలాడే అట్టముక్క, అట్టముక్క మీద నంబరు. ఒక మూల కాలు విరిగిన కుర్చీకి కూడా నంబరుంది. దాన్నెందుకు ఉంచారని ఆమె అడిగింది. అది ఆ గది ధర్మమట. నంబరు పడ్డ వస్తువును పారేయాలంటే ముగ్గురు అధికారుల సంతకాలు కావాలి. "ఆ మూడో అధికారి పోస్టు ఎత్తేసి పన్నెండేళ్ళయింది. అందుకని ఇక్కడికొచ్చింది ఏదీ పోదు. నాతో సహా" అన్నాడాయన.

కిటికీలు మూడున్నాయి, మోకాలెత్తులో. వాటిలోంచి చూడాలంటే నేలకు దగ్గరగా కూర్చోవాలి. ఆయన తన పీట మధ్య కిటికీ దగ్గరకు జరిపి ఆమెను కూర్చోమన్నాడు. ఎదురుగా రోడ్డు, రోడ్డు అవతల బస్టాపు.

"ఆరుంబావుకి మీరక్కడ నిల్చుని గొడుగు విప్పుతారు" అన్నాడు. "ఎండ ఉండదు, వాన ఉండదు. ఎందుకు విప్పుతారా అని ఇరవై రెండేళ్ళుగా అనుకుంటున్నాను. అడుగుదామంటే మీ లిఫ్టు ఇక్కడ ఆగదాయె."

ఆమె కిందికి వంగి మళ్ళీ బస్టాపు వైపు చూసింది. తనను ఎవరో చూశారన్న మాట లోపలికి దిగడానికి కాస్త సమయం పట్టింది.

"పొద్దుట్నుంచీ చేతికి బటన్లుంటాయి కదండీ. అక్కడ ఊరికే నిలబడితే చేతులేం చేసుకోవాలో తెలీదు" అంది.

ఆయన నవ్వలేదు. తల ఊపాడు.

సాయంత్రం దుకాణం ముసలమ్మ సీసాలో వెతికింది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం. బూడిద రంగు ఒక్కటి లేదు. ఇంటికొచ్చి డబ్బా రెండుసార్లు తిరగేసింది. కావలసింది ఎక్కువేమీ కాదు. పొట్టి అంతస్తు కనుక ఒకటే వరస, ఎనిమిది పలకలు. మూడు గాజు చుక్కలు. కిటికీ గట్టు మీదున్న ఇంటికేసి చూడకుండా చాలాసేపు కూర్చుంది.

శుక్రవారం తెల్లారాక, పాలవాడి సైకిలు గంట వినబడ్డాక, దాన్ని బల్ల మీదకు తెచ్చింది. ముందు కింది అంతస్తుల్లోవి తీద్దామనుకుంది. కిందివి తీయాలంటే పైవి ఊడదీయాలి. బొటనవేలి గోరు మూడో అంతస్తు కిందికి దూర్చి ఒక్కసారి పైకెత్తితే టప్పుమంది. తీసినకొద్దీ ఇల్లు తగ్గిపోతూ వచ్చింది. చివరికి అడుగు పలక, దాని మీద ఒక బూడిద ముక్క మిగిలాయి. అక్క కూతురు వేలు పెట్టి చూపించిన గాజు చుక్క ఏదో, పక్కవాటితో కలిసిపోయాక ఆమెకే తెలియలేదు. ఆఫీసు భవనాన్ని రెండో అంతస్తు మీద విడదీసి, పలకలతో కొత్త వరస వేసి, మూడు చుక్కల్నీ చిమటాతో పట్టుకుని అందులో పెట్టింది. దాని మీద మూడో అంతస్తు నొక్కింది. భవనం అగ్గిపుల్ల మందం పెరిగింది.

సాయంత్రం కింద హాల్లో టీ ఇచ్చారు. మేనేజరు నాలుగు మంచి మాటలు చెప్పాడు. లిఫ్టమ్మ ఒక్కరోజు కూడా మధ్యలో ఇరుక్కోలేదని ఆయన అంటే అందరూ నవ్వారు. ఆమె డబ్బా మూత తీసి అద్దాల బీరువా వైపు చూసింది. బీరువా లేదు. అది ఉన్న గోడకు అప్పటికే తొర్ర చేసి, కొత్త లిఫ్టు తీగలు బయటికి లాగి ఉంచారు.

మేనేజరు నుదురు కొట్టుకున్నాడు. మరిచేపోయానన్నాడు, నిజంగానే నొచ్చుకున్నాడు. "ఇంటికి పట్టుకెళ్ళండి లిఫ్టమ్మా. మీ దగ్గరైతే భద్రంగా ఉంటుంది" అన్నాడు.

బొమ్మ చేతులు మారింది. ఎంత చిన్నదో అన్నారు. ఎవరో కదిపి టిక్కుమన్న చప్పుడు విని, ఏదో ఊడిందేమోనని కంగారుపడి పక్కవాళ్ళకిచ్చారు. నాలుగో అంతస్తు టైపిస్టు కళ్ళు చికిలించి చూసి, "మరి మనుషులేరీ?" అంది.

"ఉన్నారమ్మా. ఈ కొలతలో కంటికి ఆనరు" అంది లిఫ్టమ్మ.

చివరికది రికార్డుల గుమాస్తా చేతికొచ్చింది. ఆయన కొనవేలితో కిందినుంచి లెక్కపెట్టుకుంటూ వెళ్ళి, రెండోది దాటాక ఆగాడు. ఆ సన్నటి వరస మీద వేలు ఉంచి, మూడు చుక్కల్నీ తడిమాడు. అందరూ కప్పులు పెట్టేసి బస్సుల వేళయిందని బయల్దేరాక, "ఒకసారి పైకి రాగలరా?" అని అడిగాడు.

మెట్లెక్కాక ఆయన అట్ట ఊడిన పెద్ద పుస్తకం ఒకటి తీశాడు. కొత్త వరసలో నంబరు వేశాడు. వస్తువు అన్నచోట "భవనం, ఒకటి" అని రాశాడు. ఎత్తు ఎంతని అడిగితే ఆమె బెత్తెడు కంటే తక్కువే అంది. అలా రాయకూడదని చెక్క స్కేలు పెట్టి కొలిచాడు. తర్వాత కలం ఆపి తలెత్తాడు.

"చేసినవారి పేరు రాయాలండీ. ఏమని రాయను?"

ఆమె చెప్పింది. ఆ పేరు పైకి అని చాలాకాలమైంది. ఆయన దాన్ని పెదవులతో ఒకసారి పలికి చూసుకుని, గుండ్రటి అక్షరాలతో రాశాడు. అట్టముక్క మీద నంబరు వేసి బొమ్మకు కట్టబోతే అట్టముక్క భవనం కంటే వెడల్పుగా ఉంది. దారమే స్తంభమంత లావుంది. ఇద్దరూ నవ్వారు. ఆయన దాన్ని మధ్య కిటికీ గట్టు మీద పెట్టాడు.

"ఇక దీన్ని ఎవరైనా కదపాలంటే మూడు సంతకాలు కావాలి" అన్నాడు.

మీరు ఎన్నాళ్ళుంటారని ఆమె అడిగింది. ఆయనకింకా నాలుగేళ్ళుంది. తర్వాత ఎవరొస్తారో తెలియదు, అసలు ఎవరైనా వస్తారో లేదో తెలియదు. పుస్తకం మాత్రం ఉంటుందన్నాడు. ఆమె నమస్కారం పెట్టి, గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. కింద లిఫ్టు తలుపుకు తాళం వేసి ఉంది. జాలీలోంచి చూస్తే స్టూలు లోపలే ఉంది.

బస్టాపు చేరేసరికి ఆరుంబావు అయింది. ఆమె బస్సు వచ్చే వైపు చూడకుండా, మొట్టమొదటిసారి భవనం వైపు తిరిగి నిలబడి, కిందినుంచి లెక్కపెట్టింది. రెండు దాటాక పొట్టివి మూడు కిటికీలు. మధ్యదానిలో దీపం వెలుగుతోంది. అంత దూరం నుంచి గట్టు మీద బొమ్మ కంటికి ఆనలేదు. గుమాస్తా కూడా ఆనలేదు. ఉన్నాడో, సంచి సర్దుకుని మెట్లు దిగుతున్నాడో తెలియదు.

ఆదివారం ఫోన్ వస్తే కిటికీ గట్టు మీది ఇంటి సంగతి ఏం చెప్పాలో ఆమె ఇంకా అనుకోలేదు. అడగకపోవచ్చు కూడా.

ఎండ లేదు, వాన లేదు. గొడుగు విప్పింది. మామూలుగా పట్టుకునే దానికంటే కాస్త ఎత్తుగా పట్టుకుని, బస్సు వచ్చేదాకా అలాగే నిలబడింది.